బోర్లించిన గ్లాసు

మా నాన్న వైను సీసాల డాక్టరు. ఈ మాట చెబితే నవ్వేవాళ్లే ఎక్కువ గానీ, అలాంటి వృత్తి ఒకటి ఉందనడానికి నేనే సాక్ష్యం. దాని మీదే పెరిగాను, దాన్నే నేర్చుకున్నాను. పాత వైను సీసాలో పడుకుని ఊరికే ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ బిరడా మెత్తబడి పొడిపొడి అవుతుంది. సందుల్లోంచి వైను కొంచెం కొంచెంగా ఆవిరైపోయి మట్టం దిగుతుంది. అప్పుడు మాకు కబురొస్తుంది. మేం వెళ్లి పాత బిరడా తీసి, చెరో చెంచాడు రుచి చూసి, వైను బావుంటే శుభ్రమైన గాజు గోళీలు లోపలికి జారవిడిచి మట్టం పైకి తెస్తాం. ఆ తర్వాత కొత్త బిరడా బిగించి లక్క వేస్తాం. బాగాలేకపోతే లక్క వేయం. మా లక్క ఉన్న సీసాని వ్యాపారులు మారుమాట లేకుండా తీసుకుంటారు.

రుచి చూసేటప్పుడు మాట్లాడకూడదన్నది మా పద్ధతి. ఒకరి మాట ఇంకొకరి నాలుకను చెడగొడుతుందని నాన్న నమ్మకం. అందుకని ఇద్దరం చెరోవైపు తిరిగి రుచి చూసి, వైను బావుంటే గ్లాసు బల్ల మీద నిలబెడతాం, బాగాలేకపోతే బోర్లిస్తాం. రెండు గ్లాసులూ నిలబడితేనే లక్క. ఇద్దరికీ కుదరకపోతే సీసా సొంతదారు రుచి చూసి తేల్చాలని కూడా ఒక నియమం ఉంది గానీ, నేను నాన్న పక్కన చేరినప్పటి నుంచి దాని అవసరం ఒక్కసారీ రాలేదు. ఆయన నిలబెడితే నేనూ నిలబెట్టేదాన్ని, ఆయన బోర్లిస్తే నేనూ బోర్లించేదాన్ని, అదీ ఒకరినొకరం చూసుకోకుండానే.

నాన్న ముక్కుసూటి మనిషి. ఒక పెద్ద హోటలు యజమాని పుట్టినరోజు విందులో, వచ్చిన అతిథులందరి ముందూ అతని వైను బాగాలేదని గ్లాసు బోర్లించి, సంచి సర్దుకుని వచ్చేశాడు. ఆ యజమాని మళ్లీ మా గడప తొక్కలేదు. నాన్నకి చీమ కుట్టినట్టు కూడా లేదు. "వైనుకి మొహమాటం తెలీదు, నాకెందుకు?" అనేవాడు. అలాంటి మనిషి ఒక ఎండాకాలంలో ఎలా తయారయ్యాడో చెప్పడానికే ఇదంతా.

ఆ ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక పియానో టీచరుగారు మమ్మల్ని పిలిపించారు. సన్నగా, ఎత్తుగా కట్టిన ఇల్లు. కింద గదిలో పియానో, మేడమెట్ల కింద ఒక చల్లటి అర. ఆ అరలో ఆవిడ భర్త కొని దాచిన, ఫ్రాన్సు నుంచి వచ్చిన బర్గండీ ఎర్ర వైను సీసాలు, ఒక డజను దాకా, దుమ్ము పట్టి పడుకుని ఉన్నాయి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. సీసాలు అమ్మాలా ఉంచాలా అని కూడా ఆవిడ ఆలోచించుకోలేదు. "పాడైపోతాయేమోనని భయం, అంతే. ముందు బతికున్నాయో లేదో చూడండి," అన్నారు. తెల్లటి జుట్టు మెడ దాకా కత్తిరించుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉండేవారు. మేం వెళ్లినప్పుడు ఒక పిల్ల పియానో వాయిస్తోంది. తప్పు పోయిన ప్రతిసారీ టీచరుగారు తిట్టకుండా, విసుక్కోకుండా "మళ్లీ" అని ఒక్క మాట అనేవారు. నాన్న గుమ్మంలో నిలబడి ఆ మాటని మెచ్చుకోలుగా విన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మొదటి రెండు సీసాలని నాన్న చెప్పి పంపినట్టే ఆవిడ ముందుగా కొన్ని రోజులు నిలబెట్టి ఉంచారు, మడ్డి అడుక్కి దిగడానికి. పాత బిరడాని మామూలుగా మెలికల చువ్వ గుచ్చి తీస్తే తునకలైపోతుంది. అందుకని నాన్న రెండు సన్నటి రేకుల పనిముట్టుని బిరడాకీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దింపి, మెలితిప్పి పైకి లాగాడు. సీసా మెడ వెనక నేను టార్చి పట్టుకున్నాను. మడ్డి కదలకుండా చెరో చెంచాడు వంచాడు. వైను నడిమధ్య ఎరుపే గానీ, అంచున ఇటుక రంగుకి తిరిగింది. వాసన మొదట ముడుచుకుని ఉండి, కాసేపటికి విచ్చుకుంది. ఎండిన గులాబి రేకులు, వాన వెలిసిన తర్వాత చెట్ల కింద నేల, వాటి వెనకాల ఎక్కడో చెర్రీపండు. నాలుక మీద వగరు మొత్తం అరిగిపోయి నున్నగా ఉంది. ఇద్దరం గ్లాసులు నిలబెట్టాం.

"అంత పెద్ద గ్లాసులో అంత కొంచెమేమిటండీ?" అని టీచరుగారు అడిగారు. సొంతదార్ల ప్రశ్నలకి నాన్న జవాబు చెప్పడు. ఆ పని నాది. నేను నోరు తెరిచేలోపల ఆయన మూడో గ్లాసు తీశాడు. ఆవిడ చేతికిచ్చి, కాడ ఎలా పట్టుకోవాలో, అంచు రంగు తెల్లకాగితం మీద ఎలా చూడాలో, ఎందుకు మొదటి గుక్కని నమ్మకూడదో వరసగా చెప్పుకొచ్చాడు. కాలేజీలో పాఠం చెబుతున్నట్టు చెప్పాడు. నేను టార్చి ఆర్పడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను.

లక్క ఆరాక నేను రెండో సీసా అందుకోబోతే ఆపాడు. "ఇవాళ్టికి ఇంతే. బర్గండీని తొందరపెట్టకూడదు. వారానికి ఒక్కటి," అన్నాడు.

అంతకు ముందు నెలే ఒక లాయరుగారింట్లో గదినిండా ఉన్న సీసాలు మధ్యాహ్న భోజనం లోపల ముగించి వచ్చాం. వాటిలో బర్గండీలూ ఉన్నాయి. ఇదేం కొత్త నియమమని వీధిలోకి వచ్చాక అడిగితే నాన్న నీళ్లు నమిలాడు. ఎండాకాలం నాలుక తొందరగా అలిసిపోతుందట. నా నాలుక బాగానే ఉందన్నాను. చిన్నదానివి, నీకు తెలీదన్నాడు. నాకప్పటికి ముప్పై దాటి చాలా కాలమైంది.

ఇంటికి వెళ్లి, నాన్న తన గదిలోకి పోయాక మా ఆయనకి చెబితే పగలబడి నవ్వాడు. మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు, లోకంలో ఏం జరిగినా అతనికి రోడ్డు మీద జరిగినట్టే ఉంటుంది. "మీ నాన్న బండి ఇన్నాళ్లకి న్యూట్రల్‌లోంచి కదిలింది. నువ్వు మధ్యలో బ్రేకు వేయకు," అన్నాడు. నేను నమ్మలేదు. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న ప్రపంచం అంతా పనిసంచీ, వంటిల్లూ, వాటి మధ్య ఒక పాత కుర్చీ. ఆ కుర్చీలోంచి ఆయన లేస్తాడని నాకు ఊహలో కూడా లేదు.

అలా ప్రతి మంగళవారం వెళ్లడం మొదలైంది. ఒక సీసా పని అరగంటలో అయిపోతుంది. మేం ఉండేది మాత్రం సాయంత్రం దాకా. టీచరుగారికి వాసన పట్టే ముక్కు ఉంది, దానికంటే ముఖ్యంగా ఓపిక ఉంది. తెలియనిది తెలియదని ఒప్పుకునేవారు. నాన్న ఏదైనా పెద్దమాట వాడితే "మళ్లీ, తేలిక మాటల్లో," అనేవారు. ఆయన మళ్లీ చెప్పేవాడు. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారైనా రెండోసారి చెప్పిన పాపాన పోలేదు.

మూడో వారం సీసా చెడిపోయింది. దానికి పట్టింది బిరడా తెగులు. బిరడాలో చేరిన ఒక దోషం వైనంతటినీ పట్టేస్తుంది. తడిసి ముక్కిపోయిన అట్టపెట్టె వాసన వస్తుంది, పండు రుచి చచ్చిపోతుంది. ఇద్దరం గ్లాసులు బోర్లించాం. నాకు కొంచెం భయమేసింది, భర్త చేత్తో కొన్న సీసా కదా, ఆవిడ ఏమంటారోనని. నాన్నకి ఆ జంకు లేదు. అదే వైను ఆవిడ గ్లాసులో పోసి, ఇది చచ్చిపోయింది, ఈ వాసన గుర్తుపెట్టుకోండి, ఒకసారి తెలిస్తే జన్మలో మర్చిపోరు అని చెప్పాడు. మూసి ఉన్నందువల్ల పట్టిన వాసనైతే గాలి తగిలితే పోతుందనీ, తెగులుకైతే గాలి తగిలేకొద్దీ బలం వస్తుందనీ, తేడా తెలియాలంటే ఆగి మళ్లీ చూడాలనీ చెప్పాడు. ఆవిడ ఆగి మళ్లీ చూశారు. తర్వాత సింకులో పారబోసి వచ్చి కూర్చున్నారు.

"మా వారు జబ్బు పడ్డప్పుడు, డాక్టరు దగ్గర్నుంచి మా తోటికోడలి దాకా అందరూ నాతో తగ్గిపోతుంది, తగ్గిపోతుంది అనేవాళ్లు. నేను బాధపడతానని. తగ్గలేదు. నేను ఆయనతో మాట్లాడుకోవలసినవి కూడా మాట్లాడుకోలేదు, తగ్గిపోతుంది కదా అని. అప్పట్నుంచి నాకు బాధ కలగకుండా మాట్లాడేవాళ్లంటే భయం. మీరలా కాదు. మీరొస్తే హాయిగా ఉంటుంది," అన్నారు.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. గోళీల డబ్బా మూత తిప్పలేక తిప్పలేక తిప్పాడు. ఆ రోజుతో నా అనుమానం తీరిపోయింది.

మిగిలిన కాస్త అనుమానాన్ని కూడా ఆ తర్వాతి వారం తీర్చాడు. పని ఉన్న రోజు మా ఇంట్లో వాసన సబ్బు వాడకూడదు, తలకి నూనె రాయకూడదు, ఉల్లిపాయ వేయించకూడదు. మా ఆయన గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ని వీధి మలుపు తిరిగాకే రాసుకునేవాడు, పెళ్లయినప్పటి నుంచీ. అలాంటి ఇంట్లో ఈ నియమాలు పెట్టిన పెద్దమనిషే మంగళవారం నాడు మెడకి సెంటు పూసుకుని బయల్దేరాడు. టీచరుగారి గుమ్మం ముందు గాలి నా వైపు తిరిగాక గానీ నాకు తెలియలేదు. అక్కడే ఆపేశాను. "నాన్నా, ఏమిటిది?" అంటే తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. సెంటు పూసుకుని బర్గండీ రుచి చూడ్డానికి వెళ్లిన సీసాల డాక్టరు లోకంలో ఇంకొకడు ఉండి ఉండడు. తలుపు తీసిన టీచరుగారికి విషయం అర్థమైంది. వంటింటి సింకు దగ్గర ఆయన మెడ కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు.

"సీసా కోసమా ఇదంతా?" అని అడిగారు, నవ్వు దాచుకోకుండా.

నాన్న నీళ్లు కారుతున్న మొహంతో ఏదో చెప్పబోయి దగ్గాడు. ఆ రోజు పని జరగలేదు. సబ్బు లేకుండా సెంటు వదలదు, సబ్బుతో కడిగితే సబ్బు వాసన. సీసాని అలాగే ఉంచి టీ తాగి వచ్చేశాం. వారం కలిసొచ్చిందని ఆయన తెగ సంతోషపడ్డాడు.

నేనూ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. పొద్దున్నే కూనిరాగాలు తీస్తూ చొక్కా ఇస్త్రీ చేసుకునే నాన్నని చూసి ఎన్నేళ్లయిందో. కానీ సీసాలు తరుగుతున్నాయి. సీసాలు తరిగేకొద్దీ నాన్న తిండీ తరిగింది. అవి అయిపోతే ఆ ఇంటికి వెళ్లడానికి ఏ వంకా లేదు. అరవై దాటిన మనిషి వంక లేకుండా ఒక ఇంటి తలుపు ఎలా తడతాడు? ఎంత పెద్దవాడి మొహం మీదైనా గ్లాసు బోర్లించగలడు గానీ, ఆవిడతో ఒక్క మాట చెప్పడానికి నోరు పెగలదు. పోనీ నేను ఆవిడ చెవిన వేయనా అంటే ఒంటికాలి మీద లేచాడు. "నువ్వు టార్చి పట్టుకో చాలు," అన్నాడు.

ఎండలు ముదిరి, తగ్గుముఖం పట్టే వేళకి ఆఖరి సీసా మిగిలింది. టీచరుగారు కొన్ని రోజులుగా నిలబెట్టి ఉంచిన దాన్ని అర లోపలి మూల నుంచి రెండు చేతులతో కదలకుండా తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. "ఇది మా పెళ్లయిన ఏడాది వైను. దీన్ని చివరిదాకా ఉంచాలనేవారు మా వారు," అన్నారు. అని, చెవి మీది పెన్సిలు తీసి పక్కన పెట్టి, పియానో ముందున్న స్టూలు మీద కూర్చున్నారు.

ఆ రోజు నాన్న చేతులు నెమ్మదిగా కదిలాయి. బిరడా పైకొచ్చింది, పైన తడి, కింద నలుపు. టార్చి వెలుగులో వైను ఎంత అందంగా ఉందో చెప్పలేను. పన్నెండింటిలో అంత స్వచ్ఛమైన రంగు దేనికీ లేదు. మధ్యలో దానిమ్మ గింజ ఎరుపు, అంచున సన్నటి ఇటుక రంగు, అడుగున మడ్డి కదలకుండా కూర్చుంది. చెరో చెంచాడు తీసుకుని మా పద్ధతి ప్రకారం చెరోవైపు తిరిగాం.

ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసింది. తడిసిన అట్టపెట్టె.

తొందరపడకూడదనుకున్నాను. ఇన్నేళ్లు మూసి ఉన్న సీసా, మూసి ఉండి పట్టిన వాసనే కావచ్చు. నా వెనక నాన్న లేచి కిటికీ తీసిన చప్పుడైంది. "కాస్త గాలి తగలనిద్దాం," అన్నాడు. రుచి చూసే వేళ ఆయన మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. ఆగాం. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. మళ్లీ చూశాను. వాసన తగ్గలేదు, ముదిరింది. నోట్లో పోసుకుంటే పండు లేదు, గులాబి లేదు, పులుపు ఒక్కటే బోసిగా మిగిలి ఉంది. ఉమ్మే గిన్నెలో ఉమ్మేసి, నాన్న గ్లాసు చప్పుడు కోసం చూశాను. ఎప్పుడూ ముందు పెట్టేది ఆయనే.

నాన్న గ్లాసు నిలబెట్టాడు.

అడుగు బల్లకి తగిలిన చప్పుడది; పొరపాటున పెట్టాడేమోనని తిరిగి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. టీచరుగారి వైపు కూడా చూడలేదు. బల్ల చెక్కని చూస్తూ నిలబడ్డాడు. ఆ ముక్కుకి తెలియక కాదు. నాకు తెలిసిందంటే ఆయనకి నాకంటే ముందే తెలిసి ఉంటుంది.

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని నిలబెట్టేస్తే ఎంత బావుంటుందో నాకు కనబడింది. లక్క వేస్తాం, ఆవిడ సంతోషిస్తారు, ఆ సీసాని ఎప్పటికీ తెరవరు కూడా. నాన్న అబద్ధం ఎవరికీ తెలియకుండా అరలో పడి ఉంటుంది. కానీ బాధ కలగకుండా మాట్లాడేవాళ్లంటే భయమని ఆవిడ చెప్పింది మా ఇద్దరి ముందూ. ఈ ఒక్క సీసాతో నాన్న కూడా ఆ తోటికోడలి వరసలో చేరిపోతాడు, ఆవిడకి తెలిసినా తెలియకపోయినా. నాకు ఏడుపొచ్చింది. నాన్న మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. గ్లాసు బోర్లించాను.

టీచరుగారు ఒకటి నిలబడి, ఒకటి బోర్లించి ఉన్న గ్లాసులని చూశారు. "కుదరకపోతే సొంతదారు చూడాలన్నారు కదూ," అంటూ లేచారు. తన గ్లాసులో కొంచెం పోసుకున్నారు. నాన్న నేర్పినట్టే కాడ పట్టుకుని, తెల్లకాగితం మీద అంచు చూసి, వాసన చూసి, ఆగి, మళ్లీ చూశారు. నోట్లో పోసుకుని, ఉమ్మి, గ్లాసుని నా గ్లాసు పక్కన బోర్లించారు. నాన్న ఎంత బాగా నేర్పాడో అప్పుడు తెలిసింది.

ఆవిడ మొహంలో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మరి మిగతావన్నీ నిజంగా బావున్నాయా?" అని అడిగారు.

నాన్నకి తల తీసేసినట్టయింది. అవి నిజమే అని గొణిగాడు. ఎలా నమ్మనని ఆవిడ అడగలేదు. అర దగ్గరికి వెళ్లి, మేం లక్క వేసిన సీసాల్లోంచి మొట్టమొదటిది తెచ్చి ఆయన ముందు పెట్టారు. "తెరవండి," అన్నారు.

వేసిన లక్కని తనే పగలగొట్టాల్సి రావడం ఆయనకి జీవితంలో మొదటిసారి. కత్తి మొనతో గీసి పగలగొట్టాడు. కొత్త బిరడా గట్టిగా ఉండి తేలిగ్గా వచ్చేసింది. లోపల గోళీలు టింగుమన్నాయి. ఈసారి ఆవిడ మా ఇద్దరినీ ముట్టుకోవద్దన్నారు. తన గ్లాసు కడిగి తుడుచుకుని, ఒక్కరే పోసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లారు. మా వైపు వీపు. నాన్న కుర్చీ అంచున కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఎంతమంది సొంతదార్లు ఆయన తీర్పు కోసం అలా కూర్చున్నారో. ఆయనకి అలా కూర్చోవడం ఏమిటో ఆ రోజు తెలిసినట్టుంది.

ఆవిడ తొందరపడలేదు. వాసన చూసి ఆగారు. మళ్లీ చూశారు. ఒక గుక్క తాగారు, ఈసారి ఉమ్మలేదు. చాలాసేపటికి వెనక్కి తిరగకుండానే మాట్లాడారు.

"మొదట ఏమీ లేదు. మీరు చెప్పినట్టు ముడుచుకుని ఉంది. ఇప్పుడు గులాబి వస్తోంది. ఎండిన గులాబి. తడి ఆకులు, పుట్టగొడుగులు. నాలుక మీద అసలు బరువే లేదు. మింగేశాక కూడా పోవడం లేదు. పెడల్ మీంచి కాలు తీయకపోతే స్వరం అలా మోగుతూనే ఉంటుంది చూడండి, అలా ఉంది."

వచ్చి గ్లాసు నిలబెట్టారు. నాన్న ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"ఇది నిజమే చెప్పారు. మరి దానికెందుకలా చెప్పారు?" అన్నారు.

నాన్న లేచి నిలబడ్డాడు. "మీ పెళ్లినాటిదన్నారు. అది పాడైందని నా నోటితో మీకు చెప్పలేకపోయాను. అది బావుంటే బావుండునని అనిపించింది. నాకెప్పుడూ ఏ సీసా గురించీ అలా అనిపించలేదు," అన్నాడు. అంత పొడుగు మాట వైను గురించి తప్ప ఇంకో దాని గురించి ఆయన ఎవరితోనూ అనగా నేను వినలేదు.

"సీసా పాడైతే పెళ్లి పాడైనట్టు కాదు కదండీ," అన్నారు టీచరుగారు. "మాది మంచి కాపురం. దానికి మీ లక్కతో పనిలేదు." అని ఆ పెళ్లినాటి సీసాని తీసుకెళ్లి సింకులో వంచేశారు. మెడ దగ్గర గుడగుడమంటూ మొత్తం పోయేదాకా పట్టుకుని నిలబడ్డారు. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. తర్వాత తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆయన వైపు తిరిగి, "ఇంకోసారి నాకిలా అబద్ధం చెబితే మాత్రం ఊరుకోను," అన్నారు.

తెరిచిన సీసాని మూయనివ్వలేదు. ముగ్గురం కలిసి తాగాం, నిజంగా తాగాం, గిన్నెలో ఉమ్మకుండా. సగంలో మా ఆయన మమ్మల్ని తీసుకెళ్లడానికి వస్తే బండి నడిపేవాడికి లేదని నాన్న గ్లాసు ఇవ్వలేదు. టీచరుగారు పియానో మీద ఏదో చిలిపి పాట వాయించారు. నాన్న తాళం తప్పుతూ బల్ల మీద వేళ్లతో కొట్టాడు. "మళ్లీ," అన్నారావిడ, చూడకుండానే. ఆయన మళ్లీ మొదట్నుంచి కొట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద నాన్న నా మోచేయి పట్టుకుని ఆపాడు.

"ఇంకోసారి అంది కదూ?" అన్నాడు.

"అంది," అన్నాను.

ఆయన బండిలో కూర్చుని కిటికీ అద్దం పూర్తిగా దించేశాడు. ఇంటికి వెళ్లాక అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ తర్వాత సంగతులు తొందరగానే జరిగిపోయాయి, ఆ వయసులో ఆలస్యం ఎవరికి కావాలి. ఎండాకాలం పూర్తిగా వెళ్లకముందే నాన్న తన బట్టలూ, ఆ పాత కుర్చీనీ ఆవిడింటికి చేర్చాడు. కుర్చీని మేడమెట్ల మీదుగా ఎక్కించడానికి మా ఆయన రివర్సు, కుడి, కొంచెం ఎడమ అని అరుస్తూ సలహాలిచ్చాడు. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించి నేను ఒక రోజంతా ఏడ్చాను. మర్నాటి నుంచి అలవాటైంది. ఆవిడని ఏమని పిలవాలో తేలక కొన్నాళ్లు "ఏమండీ" అంటూ నెట్టుకొచ్చి, చివరికి పిన్నీ అనేశాను. ఆవిడ ఊ అన్నారు, ఎప్పట్నుంచో అలాగే పలుకుతున్నట్టు.

ఒక్క విషయంలో మాత్రం నాన్న మొండిపట్టు పట్టాడు. ఒకసారి అబద్ధం చెప్పిన గ్లాసుని ఎవరూ నమ్మకూడదని, ఇక తను రుచి చూసే బల్ల దగ్గర కూర్చోనని కొండెక్కి కూర్చున్నాడు. బతిమాలాను, పోట్లాడాను. వినలేదు. రెండో గ్లాసు లేకపోతే లక్క లేదు, లక్క లేకపోతే మా పని లేదు. అప్పుడు పిన్ని, పిల్లల పాఠాలు లేని రోజుల్లో తను వస్తానంది.

వానలు పట్టాక మా మొదటి పిలుపు ఒక పళ్ల డాక్టరుగారింటికి. పిన్నీ నేనూ బల్ల దగ్గర చెరోవైపు కూర్చున్నాం. ఆవిడ బర్గండీని తెల్లకాగితం మీద వంచి చూస్తుంటే, ఆ డాక్టరుగారి కళ్లు మాత్రం గుమ్మం దగ్గర పనిసంచి పట్టుకుని నిలబడ్డ పెద్దాయన మీద ఉన్నాయి. ఆయనెవరని అడిగారు.

"మా వారు," అంది పిన్ని తల ఎత్తకుండా. "బిరడాలు వేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. కానీ వైను బావుందని ఆయన చెబితే మాత్రం నమ్మకండి."

నాన్న సంచి కింద పెట్టి, నిజమేనన్నట్టు డాక్టరుగారికి తల ఊపాడు.